ఒంగోలు నుంచి ఉబెరాబా దాకా: ఇంటి ఆతిథ్యంలో ఒక బృంద పర్యటన

(ఒంగోలులో సేవా సంఘాల సభ్యుల సమావేశంలో ఒక పశువైద్యుడు చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీద ఉన్న పెద్దలకు, రోటరీ, లయన్స్ క్లబ్బుల సభ్యులకు, కుటుంబాలతో సహా వచ్చిన అమ్మలకు, అక్కచెల్లెళ్లకు, యువతీ యువకులకు నమస్కారం.

విదేశాల నుంచి వచ్చే బృందాలకు మన ఉమ్మడి ప్రకాశం, నెల్లూరు జిల్లాల్లో ఆతిథ్యం ఇవ్వాలని క్లబ్బులు ఆలోచిస్తున్నాయనీ, దానికి ముందు అటువంటి పర్యటనలో అతిథిగా ఉండి వచ్చినవాళ్ల అనుభవం వినాలనుకుంటున్నాయనీ నిర్వాహకులు చెప్పి నన్ను పిలిచారు. ఉద్యోగంలో చేరిన తొలి ఏళ్లలో నేను రోటరీ వారి గ్రూప్ స్టడీ ఎక్స్ఛేంజ్ బృందంలో సభ్యుడిగా బ్రెజిల్ వెళ్లాను. అక్కడి జలపాతాలు, సముద్ర తీరాల సంగతి మీరు ఫోనులోనే చూడగలరు కాబట్టి వాటి జోలికి పోను. ఆ పర్యటనను అక్కడి క్లబ్బులు ఏ పద్ధతిలో నడిపాయి, ఆ పద్ధతి వల్ల ఒక దేశం మాకు ఎంత దగ్గరగా కనిపించింది, మన దగ్గర ఆతిథ్యం పేరుతో మనం చేస్తున్నదేమిటి అన్న మూడు సంగతులు ఒకదానిలోంచి ఒకటి వస్తాయి కనుక వాటినే మీ ముందు పెడతాను.

రోటరీ ఫౌండేషన్ ఈ పథకాన్ని 1965లో ప్రారంభించింది. 2013 వరకు అది నడిచింది. ఒక దేశంలోని రోటరీ జిల్లా, అంటే ఒక ప్రాంతంలోని రోటరీ క్లబ్బుల సమూహం, మరో దేశంలోని రోటరీ జిల్లాతో జతకట్టి, ఒక ఏడాది వీళ్లు బృందాన్ని పంపితే, వాళ్లూ తమ బృందాన్ని ఇటు పంపేవారు. బృందానికి నాయకత్వం వహించేది ఒక రోటేరియన్, అంటే రోటరీ క్లబ్బు సభ్యుడు. సభ్యులు మాత్రం రోటరీకి సంబంధం లేనివాళ్లయి ఉండాలి. వయసు 25 నుంచి 40 మధ్య ఉండాలి, ఏదో ఒక వృత్తిలో స్థిరపడి ఉండాలి, రోటేరియన్ల దగ్గరి బంధువులై ఉండకూడదు. నాలుగు నుంచి ఆరు వారాల పర్యటనకు విమాన ఖర్చు ఫౌండేషన్ భరించేది. అక్కడ దిగిన క్షణం నుంచి తిరిగి విమానం ఎక్కేదాకా తిండి, బస, స్థానిక ప్రయాణం అక్కడి క్లబ్బులు చూసుకునేవి. క్లబ్బు సభ్యుల పిల్లలకు విహారయాత్ర ఏర్పాటు చేసే పథకంగా ఇది దిగజారకుండా కాపాడింది ఆ బంధుత్వపు నిబంధనే. ఏ పలుకుబడీ లేని నాలాంటి మండల స్థాయి పశువైద్యుడికి, మా బృందంలోని బడి పంతులమ్మకు, బ్యాంకు ఉద్యోగికి, వ్యవసాయ అధికారికి అంత దూరం వెళ్లే అవకాశం వచ్చిందంటే కారణం అదే.

మమ్మల్ని వాళ్లు హోటల్లో దించలేదు. ప్రతి ఊళ్లోనూ బృందంలోని ఒక్కొక్కరినీ ఒక్కొక్క ఇంటికి పంచేవారు. ఆ పంపకం మేము బయలుదేరకముందే జరిగిపోయింది. మా వృత్తి వివరాలు, ఆహారపు అలవాట్లు, ఆరోగ్య సమస్యలు ముందుగా రాసి పంపమన్నారు. వాటిని చూసి నన్ను పశువులున్న ఇంటికో, పశువైద్యుడి ఇంటికో పంపారు. పంతులమ్మను ఉపాధ్యాయుల ఇళ్లకు పంపారు. నాలుగు రోజులకోసారి ఊరు మారేది, ఊరితో పాటు ఇల్లూ మారేది. ఒక ఇంటివాళ్లు మమ్మల్ని కారులో రెండు ఊళ్లకూ మధ్యనున్న పెట్రోలు బంకు దాకా తెచ్చి, అక్కడ కాచుకుని ఉన్న తర్వాతి ఇంటివాళ్లకు పెట్టెలతో సహా అప్పగించేవారు. పదే పదే అలా ఇల్లు మారడం మొదట్లో ప్రయాసగా తోచింది. కానీ ఒకే ఇంట్లో ఉండిపోయి ఉంటే బ్రెజిల్ అంటే ఆ ఇల్లేనని అనుకుని తిరిగి వచ్చేవాళ్లం. విశాలమైన పశుక్షేత్రపు యజమాని ఇంట్లోనూ, రెండు గదుల ఫ్లాటులో ఉంటున్న పళ్ల డాక్టరు ఇంట్లోనూ పడుకుని లేస్తేనే ఆ సమాజంలోని ఎత్తుపల్లాలు కంటికి ఆనతాయి.

భాష పెద్ద అడ్డంకి. వాళ్లది పోర్చుగీసు. చాలా ఇళ్లలో పెద్దవాళ్లకు ఇంగ్లీషు రాదు. అటువంటి ఇంట్లో మాకు దుబాసీలు పిల్లలే. రోటరీ వారి యువజన మార్పిడి పథకంలో ఒక ఏడాది అమెరికాలోనో, ఐరోపాలోనో ఉండి చదువుకుని వచ్చిన ఆడపిల్లలు, మగపిల్లలు ఆ ఊళ్లలో కనిపించేవారు. పదిహేడేళ్ల పిల్ల భోజనాల బల్ల దగ్గర మధ్యలో కూర్చుని, అటు వాళ్ల నాయనమ్మ అడిగిన ప్రశ్నను ఇటు నాకు, ఇటు నా జవాబును అటు ఆమెకు చేరవేస్తూ, తనకు మాత్రం అన్నం చల్లారిపోతున్నా విసుక్కోకుండా కూర్చునేది. మన ఇళ్లలోనూ ఇప్పుడు ఇంగ్లీషు ధారాళంగా మాట్లాడే పిల్లలున్నారు. అతిథి వస్తే వాళ్లను గదిలోకి పంపి చదువుకోమనడం మన అలవాటు. ఆ అలవాటును కొన్నాళ్లపాటైనా పక్కన పెట్టమని మిమ్మల్ని వేడుకుంటున్నాను.

మేము తిరిగిన ప్రాంతం మినాస్ జెరైస్ రాష్ట్రపు పడమటి కొస, దాన్ని ఆనుకుని ఉన్న సావో పాలో రాష్ట్రపు లోపలి పట్టణాలు. రిబెయిరావ్ ప్రెటో చుట్టూ ఎర్ర నేలల్లో కనుచూపు మేర చెరకు తోటలు, ఆ చెరకు నుంచి ఇథనాల్ తీసే కర్మాగారాలు ఉన్నాయి. 1975లో ప్రభుత్వం మొదలుపెట్టిన ఇథనాల్ కార్యక్రమం వల్ల అక్కడ పెట్రోలు బంకుల్లో ఆల్కహాలు కూడా మామూలు ఇంధనంగానే దొరుకుతుంది. మా వ్యవసాయ అధికారి మనసంతా అక్కడే ఉండిపోయింది. నా మనసు మాత్రం ఉబెరాబా మీద ఉంది.

ఈ సభలో పశుపోషణతో సంబంధం ఉన్నవాళ్లకు ఆ ఊరి పేరు కొత్త కాదు. జెబూ అంటే మూపురం ఉన్న పశువు. బ్రెజిల్ జెబూ పశుపోషకుల సంఘం, ఏబీసీజెడ్, ప్రధాన కార్యాలయం ఉబెరాబాలోనే ఉంది. ఏటా ఏప్రిల్ ఆఖరున మొదలై మే నెలలో సాగే ఎక్స్‌పోజెబు అనే పెద్ద పశు ప్రదర్శన అక్కడి ఫెర్నాండో కోస్టా పార్కులో జరుగుతుంది. మా ఆతిథ్య క్లబ్బులు ఆ రోజులకు మేము ఉబెరాబా చేరేటట్లు పర్యటనను కుదిర్చాయి. ఒంగోలులో రోహిణి ఎండలకు సిద్ధమవుతున్న కాలంలో అక్కడ చలికాలపు తొలి చల్లదనం మొదలవుతోంది. పార్కులో అడుగుపెట్టగానే, వరుసలు వరుసలుగా కొట్టాల్లో, తెల్లటి ఒళ్లు, నల్లటి మూతి, కాటుక పెట్టినట్లున్న కళ్లు, పెద్ద మూపురం, వేలాడే గంగడోలుతో, మన ఊరి ఒంగోలు జాతి పశువులు నిలబడి ఉన్నాయి. వాటిని ఆ దేశంలో నెలోర్ అంటారు. ఆ దేశపు పశువులు 20 కోట్లకు పైమాటే. వాటిలో ఎక్కువ భాగం నెలోర్ జాతివో, ఆ రక్తం కలిసినవో.

ఈ పశువు అక్కడికి ఎలా చేరిందో ఆ ఇళ్లలోని వాళ్లు మాకే చెప్పారు. 1868లో ఇంగ్లండు వెళ్తున్న ఓడ ఒకటి సాల్వడార్ రేవులో ఆగినప్పుడు అందులోని ఈ జాతి పశువుల జంటను అక్కడ అమ్మారన్నది వాళ్లు చెప్పుకునే చరిత్రలో మొదటి పుట. పదేళ్ల తర్వాత, 1878లో, లెమ్‌గ్రూబర్ అనే పశుపోషకుడు జర్మనీలోని హాంబర్గ్ జంతు ప్రదర్శనశాలలో ఈ జాతి జంటను చూసి ముచ్చటపడి కొనుక్కుపోయాడు. ఆ కాలంలో ఒంగోలు తాలూకా నెల్లూరు జిల్లాలో ఉండేది. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడినప్పుడు అందులో కలిసింది. 1970లో ప్రకాశం జిల్లాకు, అప్పటి పేరు ఒంగోలు జిల్లాకు, వచ్చింది. అందువల్ల పాత జిల్లా పేరు సముద్రం దాటి అక్కడ నిలిచిపోయింది. 1921లో బ్రెజిల్‌లో దొడ్డరోగం (రిండర్‌పెస్ట్ అనే పశువుల అంటురోగం) కనిపించాక విదేశీ పశువుల దిగుమతి మీద ఆంక్షలు వచ్చాయి. చివరి పెద్ద దిగుమతి 1960ల తొలి ఏళ్లలో జరిగింది. అప్పుడు వచ్చిన పశువులను నేరుగా దేశంలోకి రానివ్వకుండా అట్లాంటిక్ సముద్రంలోని ఫెర్నాండో ది నొరోన్యా ద్వీపంలో ఉంచి, రోగాలు లేవని తేలాకే లోపలికి అనుమతించారు.

ఉబెరాబా దగ్గర నన్ను ఉంచుకున్న కుటుంబ యజమాని నాలాగే పశువైద్యుడు. ఒక రాత్రి భోజనాలయ్యాక ఆయన వంటగది బల్ల మీద ఒక ఆబోతు వంశావళి పత్రాన్ని పరిచారు. కొడుకు, తండ్రి, తాత, ముత్తాత అంటూ పైకి పోయిన గళ్లలో ఒకచోట కరవది అని, మరోచోట గోదావరి అని ఉన్నాయి. కరవది ఇక్కడికి కొద్ది కిలోమీటర్ల దూరంలో ఉన్న ఊరని, మా రైలు అక్కడ ఆగుతుందని నేను చెబితే ఆ ఇంట్లో అందరూ లేచి వచ్చి నా చుట్టూ మూగారు. తాము తరతరాలుగా కాగితం మీద చదువుతున్న పేరు గల ఊరి పక్కనుంచి ఒక మనిషి వచ్చి తమ వంటింట్లో కూర్చున్నాడన్నది వాళ్లకు నమ్మశక్యం కాలేదు. ఆ ఊళ్లో ఇప్పుడు ఎన్ని ఆబోతులున్నాయి, మంచి ఆవులను ఎవరు పెంచుతున్నారు, వాటి పాల దిగుబడి ఎంత అని ఆయన వరుసగా అడిగారు. నా దగ్గర అంచనాలున్నాయి గాని అంకెలు లేవు. ఆ రాత్రి నేను సరిగా నిద్రపోలేదు.

మర్నాడు ఆయన నన్ను పశుక్షేత్రానికి తీసుకుపోయారు. దుంగలతో కట్టిన సన్నటి దారిలోంచి దూడలను ఒక్కొక్కటిగా తూకపు పలక మీదికి తోలుతున్నారు. గుర్రం మీద ఉన్న కాపరి కొమ్ము బూర ఊదితే మంద అంతా అటు తిరిగింది. ప్రతి దూడ తొడ మీదా అంకె ఉంది. ఆ అంకె చూస్తే దాని తల్లి ఎవరో, తండ్రి ఎవరో పుస్తకంలో తెలుస్తుంది. పుట్టిన తర్వాత నిర్ణీత వయసుల్లో ప్రతి దూడనూ తూస్తారు. ఆబోతు ఎంత గంభీరంగా ఉన్నా, దాని విలువను తేల్చేది దాని సంతానపు తూకాల లెక్కే. పలక మీద ఉన్న ఒక పెయ్య గంగడోలు మీద నేను చెయ్యి వేశాను. కొమ్ముల మొదళ్ల దగ్గర వేడి, చర్మపు మెత్తదనం, చెవి విదిలించే తీరు అన్నీ మన కొట్టంలోని పెయ్యవే. ఆయన అంకె చదివారు, సహాయకుడు రాసుకున్నాడు, గేటు తీశారు, తర్వాతి దూడ వచ్చింది. పొద్దెక్కేదాకా అదే పని.

మన రైతు కన్ను గొప్పదని నేను నమ్ముతాను. మూపురం, గిట్ట, నడక, ఓర్పు చూసి ఎంచుకుంటూ, దుక్కిలోనూ బండలాగుడు పందేల్లోనూ పరీక్షించుకుంటూ, ఏ శాస్త్రపు సాయమూ లేకుండా ఈ జాతిని నిలబెట్టింది ఆ కన్నే. అయితే ఆ కన్ను చూసినదాన్ని మనం ఎక్కడా రాసి పెట్టలేదు. ట్రాక్టరు వచ్చి ఎద్దుకు పని లేకుండా చేశాక, పాల కోసం సంకర జాతి ఆవులు వచ్చాక, రైతుకు ఒంగోలు పశువును ఉంచుకోవడం భారమైంది. గుంటూరు దగ్గరి లాం ఫారం, మన జిల్లాలోని చదలవాడ పశుక్షేత్రం ఈ జాతిని కాపాడే పనిలో ఉన్నాయి కాబట్టి ఈ మాత్రమైనా మిగిలింది. వియాటినా-19 అనే నెలోర్ ఆవులో ఒక వాటాను వేలంలో అమ్మిన ధరను బట్టి దాని విలువ 40 లక్షల డాలర్లు దాటిందని వార్త వచ్చినప్పుడు ఇక్కడ ఊరూరా గర్వంగా చెప్పుకున్నారు. ఆ విలువలో మన పశువు వాటా ఎంతో, తరతరాలుగా రాసి పెట్టిన పుస్తకాల వాటా కూడా అంతే ఉంది. ప్రదర్శనశాల దగ్గర ఫొటో దిగి వచ్చేసి ఉంటే ఈ సంగతి నాకు తెలిసేది కాదు. ఒక పశువైద్యుడి ఇంట్లో ఉండి, రాత్రి వంటగదిలో పత్రం చూసి, పొద్దున్నే తూకం దగ్గర నిలబడబట్టి తెలిసింది.

ఇక మీలో చాలామంది మనసులో మెదులుతున్న ప్రశ్న దగ్గరికి వస్తాను. అక్కడ ఈ పశువును పెంచేది మాంసం కోసం. ఇక్కడ మనం సంక్రాంతికి కొమ్ములకు రంగులు వేసి, మెడలో గంటలు కట్టి దండం పెట్టే పశువు అక్కడ భోజనాల బల్ల మీదికి చేరుతుంది. ఆదివారాల్లో బంధుమిత్రులందరినీ పిలిచి నిప్పుల మీద మాంసం కాల్చి వడ్డించడం ఆ దేశంలో అతిథికి చేసే అత్యున్నత గౌరవం. ముందే మా ఆహారపు వివరాలు తీసుకున్నారు కాబట్టి మమ్మల్ని ఎవరూ ఇబ్బంది పెట్టలేదు. అదే నిప్పుల మీద నాకు జున్ను ముక్కలు, దాల్చినచెక్క పొడి చల్లిన అనాస ముక్కలు కాల్చి ఇచ్చారు. అన్నం, రాజ్మా గింజల పులుసు ప్రతి ఇంట్లోనూ ప్రతి పూటా ఉండేవే. కానీ ఒక ముసలాయన నిజంగానే అర్థంకాక అడిగారు: ఈ పశువును మాకు ఇచ్చిన దేశం మీది, మీరెందుకు తినరు అని. మా తాత దుక్కి దున్నిన ఎద్దులను ఎలా చూసుకునేవాడో, అవి ముసలివయ్యాక కూడా కొట్టంలోనే ఎలా ఉండేవో చెప్పాను. ఆయన తన తండ్రి అడవి లాంటి నేలను పచ్చిక బయలుగా మార్చడానికి పడిన కష్టం చెప్పారు. ఎవరి అభిప్రాయాన్నీ ఎవరూ మార్చుకోలేదు. వాదన గెలవాలని ఇద్దరిలో ఎవరూ ప్రయత్నించలేదు కూడా. అలాంటి మాట ఒక ఇంటి వరండాలో, రెండు రోజులు కలిసి తిన్నాకనే సాధ్యమవుతుంది. సభా వేదిక మీద అడిగితే దెబ్బలాటకు దారి తీస్తుంది.

అక్కడి క్లబ్బుల వారపు సమావేశాలు రాత్రి భోజనంతో జరుగుతాయి. రెండు క్లబ్బుల జెండాలు మార్చుకోవడం, ఆ వారం పుట్టినరోజులున్నవాళ్లకు శుభాకాంక్షలు చెప్పడం అయ్యాక మాకు మా ప్రాంతం గురించి మాట్లాడే సమయం ఇచ్చేవారు. రోటేరియన్ల కుటుంబాల స్త్రీలు నడిపే 'కాజా దా అమిజాడే' అనే సంఘాలు ఎన్నో ఊళ్లలో ఉన్నాయి. అందులో ఒకచోట మా పంతులమ్మ చేత కాగితపు పువ్వులు చేయించుకుని, ఆమెకు చక్రాల కుర్చీల నిల్వ గది చూపించారు. అవసరమైన రోగికి కుర్చీని అరువిచ్చి, పని తీరాక తిరిగి తెచ్చుకుని, బాగుచేసి మరొకరికి ఇస్తారు. ఈ ఏర్పాటు మన క్లబ్బులు తెచ్చుకోదగ్గది.

ఆ సమావేశాల్లో మమ్మల్ని తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుండేది: మీ దేశంలో పోలియో ఎప్పుడు పోతుంది? బ్రెజిల్ 1980లోనే దేశమంతటా ఒకే రోజున పిల్లలందరికీ చుక్కలు వేసే పద్ధతి మొదలుపెట్టింది. అక్కడ ఆఖరి పోలియో కేసు 1989లో నమోదైంది. 1994లో అమెరికా ఖండాలు రెండూ పోలియో రహితమని ధ్రువీకరించారు. మనం పల్స్ పోలియో 1995లో మొదలుపెట్టాం. 1985 నుంచి పోలియో నిర్మూలన కోసం చందాలు కడుతున్న ఆ సభ్యులకు, తమ డబ్బు చేరుతున్న దేశం నుంచి వచ్చినవాళ్లం మేము. ఆదివారం పొద్దున్నే బూత్ తెరవడం, సంచార కుటుంబాల కోసం బస్టాండులో కాచుకోవడం, ఇంటి గోడ మీద సుద్దతో గుర్తు వేయడం గురించి మా బ్యాంకు మిత్రుడు చెప్పినప్పుడు వాళ్లు ఎంత శ్రద్ధగా విన్నారో నాకు ఇప్పటికీ జ్ఞాపకం. 2011 జనవరి తర్వాత మన దేశంలో కొత్త కేసు రాలేదని, 2014 మార్చిలో ధ్రువపత్రం వచ్చిందని వాళ్లకు ఉత్తరం రాయగలగడం నా అదృష్టం.

ఇప్పుడు మన సంగతి. నేను తిరిగి వచ్చాక మన ప్రాంతానికి వచ్చిన విదేశీ బృందాల కార్యక్రమాలు కొన్ని చూశాను. పేర్లు అనవసరం. విమానాశ్రయం నుంచి హోటలుకు, హోటలు నుంచి కల్యాణ మండపానికి, అక్కడ దండలు, శాలువాలు, జ్ఞాపికలు, అరడజను మంది ఉపన్యాసాలు, ఆపైన విందు. మర్నాడు మరో ఊళ్లో మళ్లీ అదే. అతిథిని నెత్తిన పెట్టుకోవాలన్న మన ప్రేమను నేను శంకించను. కానీ ఆ ప్రేమకు మనం ఇస్తున్న రూపం వల్ల వాళ్లు మన ఇల్లు చూడరు, మన పని చూడరు. దండ వేసిన మనిషి ఏం పని చేస్తాడో కూడా తెలియకుండా వెళ్లిపోతారు. ఇంట్లో పడకగది చిన్నదనో, బాత్‌రూము కొత్తది కాదనో మొహమాటపడి హోటలు గది తీసుకుంటున్నాం. నన్ను ఉంచుకున్న ఇళ్లలో ఒకదాంట్లో వాళ్ల చిన్నబ్బాయి తన మంచం నాకిచ్చి హాల్లో పడుకున్నాడు. ఆ ఇంటివాళ్లే ఇవాళ్టికీ నాకు ఉత్తరాలు రాస్తారు.

గ్రూప్ స్టడీ ఎక్స్ఛేంజ్ ఆగిపోయినా, సొంత ఖర్చుతో వచ్చి ఇళ్లలో ఉండే రోటరీ స్నేహ మార్పిడి పర్యటనలు సాగుతూనే ఉన్నాయి. ఆ దారిలో ఎవరు వచ్చినా వాళ్ల వృత్తిని బట్టి ఇంటిని ఎంచండి. రాతి పని తెలిసినవాళ్లు వస్తే చీమకుర్తి గనుల్లో పనిచేసే ఇంజనీరు ఇంట్లో ఉంచి, గెలాక్సీ గ్రానైటు దిమ్మను కోసే చోట నిలబెట్టండి. బ్రెజిల్ వాళ్లు వస్తే వేటపాలెం తీసుకుపోయి జీడిపప్పు వలిచే ఆడవాళ్ల పక్కన కూర్చోబెట్టండి. ఆ చెట్టు వాళ్ల ఈశాన్య తీరం నుంచి పోర్చుగీసుల ఓడల్లో మన దేశానికి వచ్చిందే. పశువుల వాళ్లయితే చదలవాడ చూపించి, ఆ సాయంత్రం ఇంకా ఒంగోలు జత ఉంచుకున్న రైతు కొట్టం దగ్గర మంచం వేసి కూర్చోబెట్టండి. ఆ రైతు అడిగేవన్నీ అడగనివ్వండి, దుబాసీగా ఆ ఇంటి పిల్లను పిలవండి. సన్మానం ఒక్కటి చాలు, అదీ చివరి రోజున. మధ్యలో ఒక పూట ఏ కార్యక్రమమూ పెట్టకుండా ఆ ఇంటివాళ్లకే వదిలేయండి. కూరగాయల బజారుకు పోతారో, గుడికి పోతారో, కొత్తపట్నం సముద్రానికి పోతారో వాళ్ల ఇష్టం.

క్లబ్బు కార్యదర్శులకు నా విన్నపం ఒక్కటే. ఆహ్వాన పత్రిక అచ్చు వేయించడానికి ముందు ఒక జాబితా రాయండి. ఎవరి ఇంట్లో ఒక మంచం ఖాళీ చేయగలరు, ఆ ఇంటివాళ్లు ఏ పని చేస్తారు, ఇంట్లో ఇంగ్లీషు మాట్లాడే పిల్లలున్నారా, శాకాహారమా మాంసాహారమా, నాలుగు రోజులు సెలవు పెట్టగలవాళ్లు ఎవరు అన్న వివరాలు అందులో ఉంటే కార్యక్రమం దానంతట అదే తయారవుతుంది. మా ఇంటి పేరు ఆ జాబితాలో మొదట రాసుకోండి. ఇక మీ ప్రశ్నలు అడగండి.